సారమ్మ పెరిగిన ఇల్లు

కొత్తకోట మీదుగా పోయే లారీ డ్రైవర్లందరూ సారమ్మ రొట్టెలు తిన్నవాళ్ళేనంటే కోతలు కోసినట్టవుతుంది గానీ, సగం మంది తిన్నారంటే మాత్రం ఎవరూ కాదనరు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే పెద్ద రోడ్డు పక్కన సాయన్న దాబా ఉంది. దాని వెనక, రేకుల కప్పు కింద, కట్టెల పొయ్యి ముందు సారమ్మ కూర్చునేది. జొన్నపిండి ముద్దను రెండు చేతుల నడుమ తడుతూ, తిప్పుతూ, వెడల్పు చేసి పెనం మీద వేసేది. భర్త వెంకటన్న లారీ క్లీనరుగా ఊళ్ళు తిరిగి తిరిగి, చివరికి జబ్బుతో ఇల్లు చేరి కన్నుమూస్తే, చంకలో పిల్లవాడితో ఆమె పట్టుకున్న ఆధారం ఆ పొయ్యే. ఆ పొయ్యి ముందే కూర్చుని కొడుకు పాల్‌ను పెంచింది, మెకానిక్ పనిలో పెట్టింది, ప్రేమలతను కోడలిగా తెచ్చుకుంది.

రొట్టెలతో పాటు ఆమె దగ్గర ఇంకొకటి కూడా దొరికేది. అది గద్వాలలో భూస్వాములైన దేశాయి గారింటి ముచ్చట. రొట్టె కోసం ఎదురుచూస్తూ పక్కన నిలబడ్డవాడు ఎవడైనా సరే, వాడికి ఆ ముచ్చట తప్పదు. నేను చిన్నప్పుడు దేశాయి గారింట్లో పెరిగిన, అని మొదలుపెట్టేది. ఆ ఇంటి నడిమి వాకిలి గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మెత్తబడేది. పైన ఆకాశం, కింద నున్నటి బండలు, తులసికోట గూట్లో దీపం, ఉయ్యాల బల్ల మీద అలివేలమ్మ దొరసాని. అక్కడ కూర్చుంటే ఎంత రంధి ఉన్నా పానం చల్లబడుతుంది అనేది. డ్రైవర్లు నవ్వి, 'దేశాయి బిడ్డా, ఇంకో రొట్టె' అని ఆటపట్టించేవాళ్ళు. ఆమె కోపం తెచ్చుకునేది కాదు. ఆ పేరు ఆమెకు లోలోపల ఇష్టమే.

అసలు సంగతి ఏమంటే, సారమ్మ పుట్టింది గద్వాల కోట గోడకు అవతల, చర్చి పక్క గూడెంలో. తల్లి సత్యమ్మ దేశాయి గారింట్లో పనిచేసేది. గొడ్ల కింద పేడ తీయడం, పిడకలు కొట్టడం, వడ్లు చెరగడం, ఇవీ ఆమె పనులు. బొడ్డూడని నాటి నుంచీ సారమ్మ తల్లి కొంగు పట్టుకుని ఆ ఇంటికి పోయేది. పెళ్ళై కొత్తకోటకు వచ్చేదాకా ఆమె పగళ్ళన్నీ అక్కడే గడిచాయి. పెళ్ళయ్యాక తల్లి పోయింది, గూడెంలో చుట్టాలు తలోదిక్కు పనులకు వెళ్ళిపోయారు, సారమ్మ మళ్ళీ గద్వాల వైపు కన్నెత్తి చూసింది లేదు. పొద్దున లేస్తే రొట్టెలు, పొద్దుగూకితే రొట్టెలు. ఇక గద్వాల పోయే తీరిక ఎక్కడిది?

ఇంత తెలివిగా బతుకును ఈడ్చుకొచ్చిన మనిషికి రెండు వేల ఎనిమిదిలో ఒక్కసారిగా కష్టం వచ్చిపడింది. ముందు రోడ్డు పెద్దది చేస్తామని యంత్రాలు వచ్చాయి. రోడ్డుకు ఇటూ అటూ ఉన్న చింతచెట్లు పోయాయి, టైర్ల దుకాణం పోయింది, మూలమీది కల్లు దుకాణం పోయింది. ఒక సాయంత్రం దాబా నుంచి నడుచుకుంటూ వచ్చి సారమ్మ తన గల్లీ దాటి చాలా దూరం పోయింది. ఎవరో గుర్తుపట్టి ఇంటికి తెచ్చి దించారు. గల్లీకి గుర్తు ఆ టైర్ల దుకాణమే, అది లేకపోతే నేనేం చేసేది అని ఆమె మొత్తుకుంది. ఇంట్లో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మరి కొన్ని రోజులకు పప్పులో రెండుసార్లు ఉప్పు పడింది. ఆ తర్వాత పొయ్యిలో మండుతున్న కొరకాసు జారి పక్కనున్న గోనెసంచి అంటుకుంది. సాయన్న పరుగెత్తుకొచ్చి నీళ్ళు పోశాడు గనుక సరిపోయింది గానీ, లేకుంటే రేకుల కప్పు మొత్తం పోయేది. పాల్ తల్లిని కర్నూలులో ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన ఈ రోజు తారీఖు ఎంత అని అడిగాడు. రొట్టెలు చేసేదానికి తారీఖుతో ఏం పని అని సారమ్మ ఎదురడిగింది. ఆయన నవ్వలేదు. వయసు మతిమరుపు అన్నాడు, బిళ్ళలు రాశాడు, పొయ్యి దగ్గరికి పోనివ్వొద్దని పాల్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. పక్కకు పిలిచి చెప్పినా సారమ్మకు వినబడింది. చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి కదా!

ఆ రోజు నుంచి ఆమెను దాబా మానిపించారు. ఇంట్లో కూడా పొయ్యి ముట్టనిచ్చేవాళ్ళు కాదు. ప్రేమలత మంచి పిల్ల, అత్తను పల్లెత్తు మాట అనేది కాదు. ఆ మంచితనమే సారమ్మకు ఎక్కువ బాధ అనిపించేది. కోడలు తనతో చిన్నపిల్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి మాట్లాడుతుంటే ఆమెకు ఒళ్ళు మండేది. మండినా ఏమీ అనలేకపోయేది. ఎందుకంటే తనకూ అనుమానం మొదలైంది. మతి నిజంగానే పోతోందేమో! పోతున్న మతికి, పోతున్నట్టు తెలుస్తుందా? ఈ ప్రశ్న దగ్గర ఆమె ఎక్కడిదక్కడే ఆగిపోయేది.

అలాంటి సమయంలో ప్రేమలత చెల్లెలికి పెళ్ళి కుదిరింది. చీర కోసం గద్వాల పోవాలి. దేశాయి గారింటిని వారసులు బాగుచేయించి, జనం చూడడానికి తెరిచారని ఎవరో డ్రైవరు దాబాలో చెబితే ఆ మాట ఇంటిదాకా వచ్చింది. సారమ్మ ముఖం వెలిగిపోయింది. తానూ వస్తానంది. పాల్ అప్పుడు ఒక మాట అన్నాడు. అతను తల్లిని బాధపెట్టాలని అనలేదు, ఊరడించాలని అన్నాడు.

“పోయి సూసిరా అమ్మా. నువ్వు సెప్పినట్లే ఆ ఇల్లంత గుర్తువట్టినవనుకో, నీ మతి మంచిగున్నట్లే. మళ్ళ పొయ్యి కాడ కూసుందువు, నేను అడ్డం చెప్ప.”

అతనికి అది మాటవరసకు అన్న మాట. సారమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది. రాత్రంతా కళ్ళు మూసుకుని ఆ ఇంటిని తనలో తాను తిరిగి చూసుకుంది. ఏదీ తప్పిపోలేదు. తెల్లారేసరికి ఆమెకు ధైర్యం వచ్చింది. బస్సులో పెబ్బేరు దాటుతుండగా కోడలికి పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. నడిమి వాకిట్లో మూడు స్తంభాలుంటాయి. కుడిచేతికి ఉయ్యాల బల్ల ఉంటుంది. తులసికోటకు ముందు గూడు, గూట్లో దీపం. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే బస్సులో అందరూ లేచి నీళ్ళు చూశారు గానీ ఆమె చూడలేదు. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బస్సు గద్వాల వైపు మళ్ళేసరికి మొత్తం రెండోసారి చెబుతోంది. ప్రేమలత తల ఊపుతూ, ఇవన్నీ నిజం కావాలి ప్రభువా అని లోపల మొక్కుకుంటోంది.

చీర కొనడం తొందరగానే అయింది. అత్త మనసు చీరల మీద లేదని ప్రేమలతకు తెలుసు. కోట వీధిలో అడుగుతూ పోయారు. ఒక సందు తిరగ్గానే పెద్ద ఇల్లు ఎదురైంది. ఎత్తైన రాతి అరుగులు, మనిషికి రెండింతల దర్వాజ, తలుపుల నిండా ఇనుప గుబ్బలు. గోడకు తగిలించిన బోర్డు మీద దేశాయి గారి భవంతి అని రాసి ఉంది. ప్రేమలత దాన్ని పైకి చదివి, అత్త ముఖంలోకి చూసింది.

“ఇది గాదు బిడ్డా,” అంది సారమ్మ.

మళ్ళీ ఒకసారి పైనుంచి కింది దాకా చూసింది. ఈ అరుగులు ఎన్నడూ చూసింది కాదు. ఈ ఇనుప గుబ్బలు ఎన్నడూ చూసింది కాదు. గద్వాలలో దేశాయిలు వేరేవాళ్ళు కూడా ఉన్నారేమో అని కోడలిని అడిగింది. ప్రేమలతకు ఏం తెలుసు పాపం! అంతలో లోపలి నుంచి ఒకాయన వచ్చి, రండి రండి, చెప్పులు ఇక్కడ విడవండి అని పిలిచాడు. ఆయన పేరు బాలరాజు. ఇంటిని చూసుకోవడానికి వారసులు పెట్టుకున్న మనిషి. మెత్తటివాడు, మాట్లాడడం అంటే సరదా. ఇంటి చరిత్రను రోజూ వచ్చినవాళ్ళకు చెప్పి చెప్పి, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో కూడా ఆయనకు అలవాటైపోయింది.

దర్వాజ దాటితే చావడి. చావడి గోడల మీద తలపాగాల దేశాయిల ఫోటోలు. ఆ ఫోటోల్లో ఒక్క ముఖమూ సారమ్మకు తెలియదు. చావడి దాటితే నడిమి వాకిలి. ప్రేమలత అక్కడ అడుగుపెట్టగానే ఆగిపోయింది. నాలుగు వైపులా వసారాలు, నడుమ నలుచదరంగా ఆకాశం. బయట సందులో ఆటోల మోత వినపడుతూనే ఉంది గానీ, అది ఎక్కడో వేరే ఊళ్ళో మోగినట్టుంది. బండల మీద సగం ఎండ, సగం నీడ. పావురాలు దూలాల మీద గురగురమంటున్నాయి. వసారా అంచున ఒక ముసలాయన గోడకు ఆనుకుని ఏకంగా నిద్రపోతున్నాడు. ఇంత చల్లటి చోటు ప్రేమలత ఎన్నడూ చూడలేదు. అత్త చెప్పిందంతా నిజమే అనుకుంది.

సారమ్మ మాత్రం తప్పిపోయిన దూడలా నిలబడ్డచోటి నుంచే అటూ ఇటూ చూస్తోంది. ఉయ్యాల బల్ల ఉంది, కానీ ఎడమచేతి వైపు ఉంది. తులసికోట ఉంది, కానీ దానికి గూడు లేదు, నున్నగా సున్నం కొట్టిన గోడే. స్తంభాలు లెక్కపెట్టబోయి మధ్యలోనే వదిలేసింది. మూడు కాదు, వాకిలి చుట్టూ వరసగా ఎన్నో ఉన్నాయి. ఇంత వాకిలి కూడా కాదు తనకు తెలిసింది. అది ఇంతకన్నా ఇరుకుగా, లోతుగా ఉండేది. పక్కనున్న స్తంభాన్ని పట్టుకుంది.

“నాయనా, ఉయ్యాల ఈ దిక్కుకు ఎప్పుడు మార్చిన్రు?” అని బాలరాజును అడిగింది.

మార్చలేదు, ఆ కొక్కేలు ఇల్లు కట్టిననాటివి అన్నాడు బాలరాజు. తులసికోట కూడా కొత్తది కాదా అంది. కాదు, అదీ పాతదే. బాగుచేయించినప్పుడు కూడా పాతది పాతగానే ఉండాలని, సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి మరీ పూయించారు, ఒక్క రాయి కదపలేదు అని గొప్పగా చెప్పాడు. పాపం ఆయన ఇంటిని పొగుడుతున్నాననుకున్నాడు. ఆయన చెప్పే ఒక్కో మాటకు సారమ్మ గుండెలో రాయి పడుతోందని ఆయనకేం తెలుసు?

మీరు ఇదివరకు వచ్చారా అని బాలరాజు అడిగాడు. ప్రేమలత చెప్పేలోపే సారమ్మ, నేను ఇక్కడే పెరిగిన అంది. బాలరాజు చిరునవ్వు నవ్వాడు. ఆయన తప్పు కూడా లేదు. ఇల్లు తెరిచినప్పటి నుంచి వచ్చిన ముసలివాళ్ళలో సగం మంది ఇదే మాట చెప్పారు. కొందరు అలివేలమ్మ దొరసానికి తామే దత్తపుత్రులం అన్నంత దూరం కూడా పోయారు. అట్లనా అవ్వా, మంచిది, చల్లగా కూసోని పోండి అని ఆయన వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఆ నవ్వు చూశాక సారమ్మకు ఉన్న కాస్త బలం కూడా పోయింది. వాకిలి అంచున బండ మీద చతికిలబడింది.

అంతమంది అలసట తీర్చే ఆ వాకిట్లో కూర్చుని సారమ్మ భయంతో చెమటలు కక్కింది. ఇన్నేళ్ళూ ఎవరింటి ముచ్చట చెప్పింది తాను? కలలో చూసిందా? ఎవరైనా చెబితే విని తనదే అనుకుందా? ఇల్లే తప్పైతే, ఆ ఇంట్లో గంప ఎత్తుకుని నడిచిన తల్లి ముఖం మాత్రం సరిగ్గా గుర్తుందని నమ్మకం ఏమిటి? కళ్ళు మూసుకుని తల్లి ముఖం తెచ్చుకోబోయింది. వచ్చింది. వచ్చింది గానీ అది తల్లిదేనా, మరెవరిదోనా అని అనుమానం వచ్చింది. అప్పుడు ఆమెకు నిజంగా ఏడుపు వచ్చింది. డాక్టరు తారీఖు అడిగినప్పుడు రాని ఏడుపు అది.

ప్రేమలత పక్కన కూర్చుని వీపు నిమిరింది. మస్తు ఏండ్లయింది గద అత్తమ్మా, ఎవరికైనా గట్లనే ఉంటది అని ఊరడించింది. పాల్‌కు ఏం చెప్పాలా అని ఆమెకు దిగులు. అబద్ధం చెప్పి అత్తను మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చోబెడితే, రేపు ఏదైనా జరిగితే ఆ పాపం ఎవరిది? నిజం చెబితే ఈ మనిషి మంచం పట్టడం ఖాయం. ఆ పిల్ల గుండె రెండు వైపులా లాగుతోంది. సారమ్మ కళ్ళు తుడుచుకుని, బాత్రూం ఎక్కడుందో అడగమంది.

బాత్రూంలు పెరట్లో ఉన్నాయి. లోపలి నుంచి పెరట్లోకి దారి ఉంది గానీ, వచ్చేపోయేవాళ్ళు బురదకాళ్ళతో బండలు ఖరాబు చేస్తున్నారని బాలరాజు ఆ తలుపుకు అడ్డంగా బల్ల వేశాడు. మళ్ళీ బయటికి పోయి, ఇంటి పక్క సందులో నుంచి వెనక్కి రండి అని దారి చూపించాడు. అత్తా కోడళ్ళు దర్వాజ దాటి, చెప్పులు వేసుకుని, గోడ వెంబడి సందులోకి తిరిగారు. సందు సన్నగా ఉంది. కొంచెం దూరం పోయాక సారమ్మ నడక మారింది. అప్పటిదాకా కోడలి చెయ్యి పట్టుకుని నడిచిన మనిషి ఆ చెయ్యి వదిలేసింది. సందు చివర ఎడమకు తిరగాలని ఎవరూ చెప్పకుండానే తిరిగింది.

తిరగ్గానే దొడ్డి. గొడ్ల కొట్టం ఉన్నచోట ఇప్పుడు బాత్రూంలు కట్టారు. అయినా రాతి కుడితి గోలెం అలాగే ఉంది. బావి గిలక పోయింది గానీ, గిలక రాళ్ళు నిలబడి ఉన్నాయి. సారమ్మ వచ్చిన పని మరిచిపోయి ఆ గోలెం అంచును చేత్తో తడిమింది. ఆ తర్వాత ఇంటి వైపు తిరిగింది. దొడ్డి దర్వాజ తెరిచే ఉంది, బాలరాజు చెప్పిన బల్ల అడ్డంగా ఉంది. బల్ల మీదుగా, చీకటి నడవ దాటి, అవతల వెలుతురులో నడిమి వాకిలి కనిపించింది.

“ప్రేమా, ఇగో, ఇగో సూడు,” అంది.

ప్రేమలత వచ్చి అత్త పక్కన నిలబడింది. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. సారమ్మ గడప పక్కన మెట్టు మీద చటుక్కున కూర్చుని, నువ్వూ కూసో అని కోడలి కొంగు పట్టి లాగింది. ప్రేమలత కూర్చుని చూసింది. తలుపు చట్రంలో నుంచి సరిగ్గా మూడు స్తంభాలు కనిపిస్తున్నాయి, అంతే. ఉయ్యాల బల్ల కుడిచేతి వైపుంది. తులసికోటకు ఇటువైపు గూడు ఉంది, గూట్లో నూనె మరకలతో నల్లబడ్డ ప్రమిద ఉంది. వాకిలి ఇరుకుగా, లోతుగా ఉంది. పొద్దున బస్సులో విన్న పాఠం ఒక్క ముక్క పొల్లుపోకుండా కళ్ళముందు ఉంది.

సారమ్మ ఇంటిని మరిచిపోలేదు. ఆమెకు ఈ ఇల్లు ఇటునుంచే తెలుసు. వీధి దర్వాజ వైపు ఆమె గాని, ఆమె తల్లి గాని పోయే ఆచారం లేదు. అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన గూడెం వాళ్ళు ఏ ఇంటికైనా దొడ్డివైపు నుంచే వచ్చి దొడ్డివైపు నుంచే పోవాలి. కూర్చోవాలంటే ఈ మెట్టు. అందుకే వెనకనుంచి చూసిన ఇంటిని ఎదురుగా నిలబెట్టేసరికి ఆ ముసలి ప్రాణం బెదిరిపోయింది. కుడిని ఎడమ చేసి, మనిషిని పిచ్చిదాన్ని చేసింది ఆమె మతి కాదు, ఆ ఆచారం. డాక్టరుకు ఇదేం తెలుస్తుంది?

ప్రేమలత అత్తను రెండు చేతులా చుట్టుకుంది. ఏడుస్తూ నవ్వింది. నీ మతి మంచిగున్నది అత్తమ్మా, మాకంటే మంచిగున్నది, ఇగ ఆయనతో నేను మాట్లాడుత అంది. సారమ్మకు ఊపిరి ఆడింది. తల్లి ముఖం కూడా తిరిగి వచ్చింది. అది తల్లిదే, అందులో అనుమానం లేదు. గంప దించి, నడుం పట్టుకుని, ఇదే గోలెం దగ్గర నిలబడ్డ సత్యమ్మ. సంతోషంలో సారమ్మకు మాటలు ఆగలేదు. అలివేలమ్మ ఆ ఉయ్యాల మీద కూర్చుని పత్తి వత్తులు చేసేదట. తాను ఈ మెట్టు మీద కూర్చునేదట. దొరసాని అక్కడినుంచి పలకరిస్తే తాను ఇక్కడినుంచి పాట పాడేదట. పండగపూట వంటామె బూరెలు తెచ్చి గడప అవతలి నుంచి ఒళ్ళో వేసేదట. నువ్వు మా ఇంటి పిల్లవే సారా, అనేదట అలివేలమ్మ.

మాటలు విని బాలరాజు నడవలోకి వచ్చాడు. సంగతి తెలిసి ఆయన ముఖంలో ఇందాకటి నవ్వు పోయింది. బల్ల పక్కకు జరిపాడు. చుట్టూ తిరిగిపోవడం ఎందుకవ్వా, ఇటునుంచే లోపలికి రా అన్నాడు. ప్రేమలత చెప్పులు విడిచి, గడప దాటి, నడవలో నిలబడి వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. సారమ్మ లేచింది. చెప్పులు విడిచింది. గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కాలు లేవలేదు. నొప్పి లేదు, భయం లేదు. కాలు లేవలేదు, అంతే. గంట కిందట వీధి దర్వాజ నుంచి అదే వాకిట్లోకి మామూలుగా నడిచిపోయిన కాలే అది.

ప్రేమలత ఆ కాలును చూసింది. బస్సులో విన్నవన్నీ మనసులో మళ్ళీ ఒకసారి తిరిగాయి. ఆ పిల్లకు కపటం తెలియదు, తోచింది అడిగేసింది.

“అత్తమ్మా, మరి లోపలికి ఎన్నడు రాలేదా నువ్వు?”

ఇది సారమ్మను ఎవరూ అడగని ప్రశ్న, తనను తానూ ఎన్నడూ అడగలేదు. నేను ఆ ఇంట్లో పెరిగిన అని ఎన్ని వేల రొట్టెల మీద చెప్పి ఉంటుంది! చెప్పేటప్పుడు అబద్ధం చెబుతున్నాననుకోలేదు. దొడ్డి గోడ లోపల ఉంటే ఇంట్లో ఉన్నట్టే అనుకుంది. ఎవరి చోటు వాళ్ళకుంటుంది, తన చోటు మెట్టు, అంతే కదా అనుకుంది. ఇప్పుడు వెతకడం మొదలుపెట్టింది. వాన కురిసిన రోజు ఉండి ఉంటుంది. జ్వరం వచ్చిన రోజు ఉండి ఉంటుంది. వానలో తల్లీ తనూ కొట్టంలో గొడ్ల నడుమ నిలబడ్డారు. జ్వరం వచ్చిన రోజు ఇదే మెట్టు మీద పడుకుంటే, అలివేలమ్మ ఉయ్యాల మీది నుంచి, అయ్యో పాపం అంది. ఆ గొంతులో ప్రేమ ఉంది. అది నిజం ప్రేమే, సారమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలదు. ఆ ప్రేమ ఉయ్యాల దిగి గడప దాకా వచ్చిన రోజు ఒక్కటి కావాలి ఆమెకు. వెతికినకొద్దీ అన్నీ చక్కగా, దుమ్ము దులిపినట్టు కనబడుతున్నాయి గానీ, ఆ ఒక్క రోజు లేదు. మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేదని ఆమెకు మొదటిసారి అనిపించింది.

అట్లా చెప్పడానికి దారి కూడా ఉంది. పిలిచే ఉంటరు బిడ్డా, నాకే యాదికి లేదు అంటే చాలు. కోడలు నమ్ముతుంది, బాలరాజు నమ్ముతాడు. దేశాయి బిడ్డ అన్న పేరు నిలుస్తుంది, అలివేలమ్మ మంచితనమూ నిలుస్తుంది. కానీ ఆ మాట అంటే తనకు మతిమరుపు ఉన్నట్టే, పొయ్యి పోయినట్టే. సారమ్మ తలుపు చట్రానికి చెయ్యి ఆనించింది. ప్రేమలత చాపిన చెయ్యి దించలేదు.

“లేదు బిడ్డా,” అంది చివరికి సారమ్మ. “నాకు మంచిగ యాదికున్నది. ఒక్కనాడు గూడ రమ్మనలే. ఇంటికి వోయినంక పాల్‌కు గిదే చెప్పు.”